నేడు నగదు, రేపు అరువు

చోడవరంలో మా వీధి మలుపున ఉన్న కిరాణా కొట్టులో, గల్లాపెట్టెకు సరిగ్గా పైన, ఒక రేకు పలక వేలాడుతూ ఉంటుంది. "నేడు నగదు – రేపు అరువు" అని దాని మీద ఎర్రరంగుతో రాసి ఉంటుంది. తెలుగునాట ఈ పలక లేని కొట్టు అరుదు కనుక దాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసిన పని లేదు. చెప్పుకోవలసినది దాని కింద ఉండే వస్తువును గురించి. పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం అది. అరువు పుస్తకం. పలక చెప్పే మాటను ప్రతి పూటా అబద్ధం చేస్తూ ఆ పుస్తకం నిండుతూ ఉంటుంది. చిన్నతనంలో నాకిది పెద్ద చిక్కుప్రశ్న. అరువు లేదని అంతేసి అక్షరాలతో రాసుకున్న మనిషి, "మాస్టారి పద్దులో రాయండి" అనగానే కళ్ళజోడు సవరించుకుని ఎందుకు రాసుకుంటాడు?

(మా నాన్నగారు బడిపంతులు. ఊళ్ళో మా ఇంటిల్లిపాదికీ ఆయన ఉద్యోగమే ఇంటిపేరు.)

కష్టకాలంలో ఇరుగుపొరుగు చిన్న వ్యాపారులను మనం ఆదుకోవాలన్న మాట 2020 తరువాత తరచుగా వినబడుతోంది. మంచి మాటే. వీధి కొట్టులో కొనండి, తోపుడుబండి వాడితో బేరమాడకండి, కుట్టుపని ఇంటి పక్క దర్జీకే ఇవ్వండి అని చెప్పేవాళ్ళు చెబుతున్నారు, వినేవాళ్ళు తల ఊపుతున్నారు. నేనూ ఊపాను. అయితే "ఆదుకోవడం" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఆ మాటలో పై చెయ్యి మనది, కింది చెయ్యి కొట్టువాడిది. మా ఊరి సంగతి నేనెరిగినంతలో, చేతులు అటూ ఇటూ తారుమారు అయ్యాయేమోనని అనుమానం. అదేమిటో చెప్పడానికే ఈ టపా.

చోడవరం చెరకు ఊరు. (2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు మా ఊరు అందులోకి వెళ్ళింది. నా నోట మాత్రం ఇప్పటికీ విశాఖ జిల్లా అనే వస్తుంది.) చుట్టూ చెరకు మళ్ళు, పక్కనే గోవాడలో సహకార చక్కెర కర్మాగారం, కొంత దూరాన అనకాపల్లిలో దేశమంతటా పేరున్న బెల్లం మార్కెట్టు. చెరకు పది, పన్నెండు నెలల పంట. ముచ్చె నాటిన నాటి నుండి నరికిన నాటి దాకా రైతు చేతిలో డబ్బు ఆడదు. అలాగని ఇంట్లో పొయ్యి ఆగదు గదా! పప్పు, ఉప్పు, చింతపండు, సబ్బు, పిల్లవాడి నోటు పుస్తకం... నెల జీతం లేని ఇంటికి నెలవారీ సరుకు ఏడాది పొడవునా ఎక్కడి నుండి వస్తుంది? ఎర్ర అట్ట పుస్తకంలో నుండి వస్తుంది.

1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, చెరకు తోలిన 14 రోజుల లోపల కర్మాగారం రైతుకు డబ్బు చెల్లించాలి. గడువు దాటితే ఏడాదికి నూటికి 15 వంతున వడ్డీ కట్టాలి. కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉంది. ఆ పధ్నాలుగు రోజులు నెలలుగా సాగిన సీజన్లు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో చెరకు రైతును ఎవరిని కదిపినా చెబుతాడు. మా ప్రాంతంలో ఒకప్పుడు గోవాడ, తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ అని నాలుగు సహకార కర్మాగారాలు ఉండేవి. వాటిలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఒకదాని వెనుక ఒకటిగా గానుగ ఆపేశాయి. కారణాల జోలికి నేను పోను. అది వేరే పెద్ద కథ, చెప్పగలవాళ్ళు చెప్పాలి. నా ప్రశ్న చిన్నది. చెరకు బిల్లు ఆలస్యమైన ఆ నెలలను ఎవరు మోశారు?

"చెరకు డబ్బులు పడ్డాక ఇస్తాం" అన్న వాక్యం మా ఊళ్ళో రిజర్వు బ్యాంకు నోటు లాగా చెల్లుబాటు అవుతుంది. రైతు ఆ మాట కొట్టులో చెబుతాడు. రైతు దగ్గర పనిచేసిన కూలీ "రైతు ఇచ్చాక ఇస్తా"నని అదే కొట్టులో చెబుతాడు. కూలీకి చొక్కా కుట్టిన దర్జీ, జుట్టు కత్తిరించిన మంగలి, టీ పోసిన బడ్డీకొట్టు మనిషి, అందరూ వరసగా వచ్చి అదే చెబుతారు. అన్ని మాటలూ వచ్చి ఆగేది శెట్టిగారి దగ్గర. ఆయన వెళ్ళి అనకాపల్లి టోకు వర్తకుడికి ఆ వాక్యం చెబితే చెల్లదు. అక్కడ వారమో పది రోజులో గడువు. ఇటు ఏడాది అప్పు ఇచ్చి, అటు పది రోజుల్లో చెల్లించే మనిషిని అర్థశాస్త్రంలో ఏమంటారో గాని, బ్యాంకుల్లో మాత్రం మొండిబాకీల నిర్వహణ అని ఒక పెద్ద విభాగమే ఉంటుందిట. ఈయన దానిని ఒక పెన్సిలుతో నెట్టుకొస్తున్నాడు.

సుమతీ శతకకారుడు మనిషి ఉండదగిన ఊరికి ఏమేమి కావాలో చెబుతూ వైద్యుని కన్నా ముందు, పారే ఏటి కన్నా ముందు, అప్పిచ్చేవాడిని నిలబెట్టాడు. బడిలో ఆ పద్యం అప్పజెప్పేటప్పుడు నాకు నవ్వు వచ్చేది. మా నాన్నగారు నవ్వేవారు కాదు. ఆ రోజుల్లో జీతాలు ఒకటో తారీకున పడేవి కావని నాకు తెలియదు.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, ఆదివారం మధ్యాహ్నం వేళకు విశాఖ దగ్గర తీరం దాటింది. నేను దసరాకు ఊరు వచ్చి, మరో వారం సెలవు పొడిగించుకుని ఇంట్లోనే ఉన్నాను. ఒమాన్ దేశం పెట్టిన పేరట అది, ఒక పిట్ట పేరు. ఆ పిట్ట మా వైపు చేసిన బీభత్సం అప్పటి పత్రికల్లో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. చెరకు చాపలా పడుకుంది, కొబ్బరి, జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి. ఫోన్లు మూగవోయాయి. కరెంటు లేకపోతే డబ్బు యంత్రం కూడా ఒక ఇనుప బీరువా అని ఆ వారంలోనే మాకు తెలిసింది. జేబులో బ్యాంకు కార్డు పెట్టుకుని తిరిగే నాబోటివాడికీ, ఏమీ లేనివాడికీ తేడా లేకుండా పోయింది. విశాఖలో పాల పాకెట్టునూ నీళ్ళ సీసానూ రెట్టింపు, అంతకు మించిన ధరలకు అమ్మినవారున్నారని అప్పట్లో పత్రికలే రాశాయి.

మా శెట్టిగారి కొట్టు పైకప్పు రేకులు రెండు ఎగిరిపోయాయి. అరువు పుస్తకం తడిసి ముద్దయింది. సోమవారం పొద్దున్నే ఆయన టార్పాలిన్ కట్టి, తడిసిన బస్తాలు వెనక్కీ పొడి బస్తాలు ముందుకూ లాగి, కొట్టు తెరిచారు. ఒక కొత్త నోటు పుస్తకం తీసి మొదటి పేజీలో శ్రీకారం చుట్టి, రాయడం మొదలుపెట్టారు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదని చెబితే అతిశయోక్తి అవుతుంది. ఉన్నవాళ్ళ దగ్గర తీసుకున్నారు, లేనివాళ్ళ పేర్లు రాసుకున్నారు. ధర మాత్రం శనివారం నాటి ధరే. నేను మూడు నాలుగు సార్లు వెళ్ళాను. కొవ్వొత్తులు, బ్యాటరీలు, అగ్గిపెట్టెలు, చీకట్లో దోమలు పీక్కు తింటుంటే కాయిల్స్, పక్కింటి పిల్లలకు బిస్కెట్లు. ప్రతిసారీ జేబు తడుముకుని, రాసుకోండి అన్నాను. ఆయన రాసుకున్నారు. బస్సులు నడవడం మొదలుపెట్టగానే నేను హైదరాబాదు వచ్చేశాను.

ఇక 2016 నవంబరు 8 రాత్రి సంగతి అందరికీ తెలిసినదే. చెలామణీలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం తెల్లవారేసరికి చెల్లని కాగితమైంది. బెల్లం సీజను ఊపందుకునే రోజులు. బెల్లం దిమ్మలు అమ్మినవాడికి నోట్లు లేవు, బస్తా మోసిన కలాసీకి కూలి ఇవ్వడానికి చిల్లర లేదు. చోడవరంలో ఆ నెలలో ఎంతమంది కొత్తగా పుస్తకంలోకి ఎక్కారో నాకు తెలియదు గాని, శెట్టిగారు రెండో పుస్తకం కొన్నారని నాన్నగారు ఫోనులో చెప్పారు. నేను నవ్వాను, ఆయన వ్యాపారం బాగుందన్నమాట అని.

ఇప్పుడు అసలు చెప్పుకోవలసిన సంగతికి వస్తాను. ఇది చెప్పకుండా పైవన్నీ చెబితే అది కపటమే అవుతుంది.

అమ్మ పోయాక నాన్నగారు ఒంటరిగా ఊళ్ళోనే ఉండిపోయారు. 2018 నుండి, నేను ఊరు వచ్చినప్పుడల్లా విశాఖలో ఒక పెద్ద దుకాణం దగ్గర ఆగి, రెండు నెలలకు సరిపడా సరుకు కారులో వేసుకుని తీసుకువెళ్ళడం అలవాటు చేసుకున్నాను. లెక్క వేసి చూశాను కూడా. వీధి కొట్టు కన్నా ఒకసారికి మూడు వందలా యాభయ్యో, నాలుగు వందలో కలిసి వచ్చేది. పైగా చల్లటి గాలి, తోసుకుంటూ తిరిగే బండి, కంప్యూటరు బిల్లు. నాన్నగారు ఒకసారి, "శెట్టిగారు ఏమనుకుంటారో రా" అన్నారు. "ఏమనుకుంటారు నాన్నా, వ్యాపారం వ్యాపారమే" అన్నాను. అలా మా పద్దు కరివేపాకుకు, అగ్గిపెట్టెకు, హఠాత్తుగా అయిపోయిన పంచదారకు కుదించుకుపోయింది. లాభం ఉండే సరుకు పట్నంలో, లాభం లేని సరుకు వీధిలో. శెట్టిగారు ఏమీ అనుకోలేదు. కనీసం అనలేదు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25వ తేదీ నుండి దేశమంతా తాళం. నేను హైదరాబాదులో, డెబ్భై ఎనిమిదేళ్ళ నాన్నగారు చోడవరంలో. విశాఖ పెద్ద దుకాణం అక్కడే ఉంది, చల్లగాలితో సహా. మధ్యలో ఉన్న రోడ్డు లేకుండా పోయింది. మూడో రోజున భయం భయంగా నాన్నగారికి ఫోను చేస్తే, "నాకేం లోటురా, శెట్టిగారి కుర్రాడు పొద్దున్నే సైకిలు మీద వచ్చి గేటుకు సంచీ తగిలించి పోతున్నాడు. రక్తపోటు మాత్రలు కూడా వాడే తెచ్చాడు" అన్నారు. ఉదయం కొద్ది గంటలే కొట్టు తెరవనిచ్చేవారు. కొట్టు ముందు సున్నంతో గీసిన వలయాల్లో జనం నిలబడేవారు. ఆ హడావిడిలో, మా ఇంటి కరివేపాకు ఖాతాను గుర్తుపెట్టుకుని సంచీ కట్టిన మనిషిని తలచుకుంటే ఆ రోజు నాకు కృతజ్ఞత కలిగింది. సిగ్గు మాత్రం కలగలేదు. అది రెండేళ్ళ తరువాత కలిగింది.

మూడు నెలల పద్దు 7,340 రూపాయలు అయిందన్నారు. ఫోనులో నొక్కి పంపేశాను. చేతులు దులుపుకున్నాను. 2022లో నాన్నగారు పోయారు. పదకొండో రోజున పందిట్లో కూర్చున్న ఒక పెద్దాయన మాటల సందర్భంలో అన్నారు, ఆ మూడు నెలలు టోకు వర్తకులు డబ్బు ముందు పెడితేనే సరుకు ఎక్కించారనీ, శెట్టిగారు ఇంట్లోవారి గాజులు తాకట్టు పెట్టి బస్తాలు తెచ్చి వీధిలో అరువు ఇచ్చారనీ. మా గేటుకు వేలాడిన సంచీ ఆ గాజులు. నాకు కలిసి వచ్చిన నాలుగు వందలు ఎవరి గాజుల్లో నుండి వచ్చాయో ఆ పూట నాకు అర్థమైంది. కొట్టులో ప్రతి నెలా మామూలుగా కొని ఉంటే, ఆ మనిషి చేతిలో నాలుగు డబ్బులు నిలువ ఉండి ఉండేవి. నేనొక్కడిని కాదు, నాబోటి పట్నం కొడుకులు ఆ వీధిలోనే పదిమంది.

అదే సమయంలో ప్రభుత్వాలు చేయవలసింది ఏమీ చేయలేదనడం అన్యాయం. ఉచిత బియ్యం వచ్చాయి. 2020 జూన్‌లో వీధి వ్యాపారుల కోసం కేంద్రం స్వనిధి పేరిట 10,000 రూపాయల రుణం ప్రకటించింది. అదే నెలలో రాష్ట్రంలో దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు చేదోడు పేరిట 10,000 చొప్పున ఇచ్చారు. నవంబరులో చిరువ్యాపారులకు వడ్డీ లేని రుణం వచ్చింది. ఇవన్నీ పనికివచ్చాయి. కాని వీటన్నిటి కన్నా ముందు, మార్చి చివరి వారంలో, ఏ జీవో లేకుండా, ఏ దరఖాస్తూ లేకుండా, ఊరి మొత్తానికి ఒక రుణ పథకం అమలైంది. దానికి పేరు పెట్టలేదు కనుక ఏ లెక్కల్లోనూ కనబడదు.

హైదరాబాదులో దోసపాటి రాము గారు నడిపిన బియ్యం ఏటీఎం సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. ఒక కాపలాదారు స్త్రీ తన చిన్న జీతంలో నుండి వలస కూలీల కోసం కోడిమాంసం కొనడం చూసి ఆయన ఆ పని మొదలుపెట్టారు. నాకు ఆ కథలో రాము గారి కన్నా ఆ స్త్రీయే ఎక్కువ గుర్తుండిపోయింది. ఆయన కూడా అదే అంటారనుకుంటాను.

ఇంతవరకు చదివినవారిలో ఎవరో ఒకరు, "వీధి కొట్లన్నీ ధర్మసత్రాలా నాయనా? తూకంలో మోసం లేదా, కల్తీ లేదా?" అని తప్పకుండా అడుగుతారు. ఉన్నాయి. ఎందుకు లేవు! అరువు పుస్తకానికి ఇంకో ముఖం కూడా ఉంది, అది నేను మరచిపోయి రాయడం లేదు. చోడవరం నుండి మాడుగుల మీదుగా (హల్వా గుర్తుకు వచ్చినవారు క్షమించాలి, ఇది వేరే సందర్భం) ఇంకాస్త ముందుకు వెళితే మన్యం. అక్కడ ఇదే ఎర్ర అట్ట పుస్తకం గిరిజనుడి చింతపండును, అడ్డాకును, చివరికి భూమిని మింగింది. షావుకారు ఏమి రాస్తే అదే లెక్క. ఆ పుస్తకం నుండి విడిపించడానికే 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థను పెట్టవలసి వచ్చింది. 1970లో భూ బదలాయింపు నిబంధనను, మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేదాన్ని, బిగించవలసి వచ్చింది. ఇంగ్లండులో రోచ్‌డేల్ నేతపనివారు 1844 డిసెంబరులో సొంత దుకాణం తెరిచినప్పుడు అరువు లేదని గట్టిగా నియమం పెట్టుకున్నారు. కొట్లలో అప్పుపడి, కల్తీ పిండికి ఎదురు మాట్లాడలేని స్థితి వాళ్ళకు తెలుసు మరి. మా శెట్టిగారి రేకు పలక మీది మొదటి సగం వాళ్ళ సిద్ధాంతమే.

కనుక అరువు తనంతట తాను పుణ్యం కాదు. పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదీ, రెండో పక్క మనిషికి చదువు వచ్చా, ఇంకో కొట్టుకు వెళ్ళే దారి ఉందా అన్నదీ చూడాలి. మంచి కొట్టువాడిని మంచివాడుగా ఉండనిచ్చే భారం సగం మన మీద ఉంది. వాడి దగ్గర నగదుకు కొనేవాళ్ళందరూ పట్నం పోయి, అరువుకు కొనేవాళ్ళు మాత్రమే మిగిలితే, ఎంత ధర్మాత్ముడైనా మూడో ఏడు ధర పెంచుతాడు, లేదా తూకం తగ్గిస్తాడు, లేదా తలుపు వేస్తాడు. మా వీధిలోనే ఇంకో కొట్టు 2023లో మూడో పని చేసింది. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోను బొమ్మల బోర్డు ఒకటి వేలాడుతోంది.

మరి ఏం చేయాలి? నన్నడిగితే జాలిపడి కొనడం మానాలి. బాకీ తీర్చడం దానం కాదు, అయినా కష్టకాలంలో మొదటి ఉపకారం అదే. నాకు జీతం వచ్చే నెలలో, "శెట్టిగారికేం తొందర" అని పద్దును పక్క నెలకు తోసేసినప్పుడు, నేను ఆయనను అడగకుండానే ఆయన దగ్గర అప్పు తీసుకుంటున్నాను. పెద్ద సంస్థలు చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006లో చట్టం చేశారు. చెరకుకు 14 రోజులని ముందే చెప్పాను. ఇంటి పద్దుకు చట్టం ఒక్కటే మాట చెబుతుంది, మధ్యలో ఒప్పుకోలు గాని, కొంత చెల్లింపు గాని లేకుండా మూడేళ్ళు గడిస్తే ఆ బాకీ కోసం కోర్టుకు వెళ్ళే వీలు లేదని. అంటే శెట్టిగారి పాత పుస్తకాలన్నీ న్యాయస్థానం దృష్టిలో చిత్తుకాగితాలు. అయినా మా ఊళ్ళో జనం అయిదేళ్ళ తరువాత కూడా వచ్చి కడతారు. బాకీ ఉంచుకుని పోతే ఆ ఇంట ఎద్దై పుట్టి తీర్చాలని మన ముసలమ్మలు బెదిరించేవారు. కాలపరిమితి చట్టం కన్నా ఆ ఎద్దు బలమైనది.

ఈ ఆలోచనల్లో ఉండగా తుర్కీ దేశపు ఆచారం ఒకటి చదివాను. ఉస్మానియా సుల్తానుల కాలం నుండీ ఉన్నదట. రంజాను నెలలో కలిగినవారు తమకు పరిచయం లేని పేటకు వెళ్ళి, అక్కడి పచారీ కొట్టులో "అరువు పుస్తకం ఉందా?" అని అడిగి, కొన్ని పేజీల బాకీ మొత్తం కట్టి, పేజీలు కొట్టివేయించి, పేరు చెప్పకుండా వెళ్ళిపోతారట. కట్టినవాడికి ఎవరిదో తెలియదు, తీరినవాడికి ఎవరు తీర్చారో తెలియదు. ఆ పుస్తకాన్ని జిమెమ్ దెఫ్తెరి అంటారట. (దెఫ్తెరి మన దఫ్తరుకు దగ్గరి చుట్టమే.) 2020లో అక్కడ మళ్ళీ చాలామంది ఈ పని చేశారని పత్రికల్లో వచ్చింది. దీని కన్నా అందమైన ఉపకారం నాకు ఇంతవరకు తెలియదు. కొట్టువాడి బాకీ వసూలవుతుంది, పేదవాడి పద్దు తీరుతుంది, డబ్బు ఆ వీధిలోనే ఉంటుంది.

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, జేబులో అయిదు వేలు పెట్టుకుని శెట్టిగారి కొట్టుకు వెళ్ళాను. మధ్యాహ్నం వేళ, జనం లేరు. అరల్లో సరుకు సగానికి సగం తగ్గింది. రేకు పలక అలాగే ఉంది, రంగు మాత్రం వెలిసింది. తుర్కీ కథ అంతా చెప్పి, ఎవరివైనా సరే, బొత్తిగా కట్టలేని వాళ్ళవి, నాలుగు పేజీలు కొట్టేయండి అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. డబ్బు వైపు చూడలేదు.

"బాగానే ఉంది బాబూ. కానీ రేపు ఆ మనిషి వచ్చి, నా పద్దు ఎవుడు కట్టీసినాడు అనడిగితే నేనేటి చెప్పాలి? ఎవరి పద్దు ఆళ్ళు కట్టుకుంటేనే ఆళ్ళకి మర్యాద. నా కొట్టుకి తల ఎత్తుకుని వస్తారు. నువ్వు కట్టీసినావని తెలిస్తే ఆ మనిషి మరి రాడు."

నాకు జవాబు తోచలేదు. పేజీలు తెలియని పేటలో కట్టాలని ఆ తుర్కులు ఎందుకు నియమం పెట్టుకున్నారో కొంత అర్థమైంది, అది కూడా ఆయన ప్రశ్నకు పూర్తి జవాబు కాదేమో.

నోట్లు మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఆయన స్టూలు ఎక్కి, పై అటక మీద పాత పుస్తకాల కట్ట దించారు. నీటి చారలు ఎండిపోయిన ఒక నోటు పుస్తకం విడదీసి, మధ్యలో ఒక పేజీ తెరిచి నా వైపు తిప్పారు. "తుఫాను పుస్తకం" అన్నారు. చాలా పేజీల మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. ఆ పేజీ మీద లేదు. పైన "మాస్టారి అబ్బాయి" అని ఉంది. కొవ్వొత్తులు 60, బ్యాటరీలు 48, బిస్కెట్లు 40, కాయిల్స్ 28, అగ్గిపెట్టెలు 5. మొత్తం 181.

"మాస్టార్ని అడగడానికి మనసొప్పలేదు బాబూ. ఆయన పద్దు కాదు గదా ఇది."

రెండు వందల నోటు ఇచ్చాను. ఆయన పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టి, గల్లాపెట్టె తెరిచి, పందొమ్మిది రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు.